మీ కొట్టుకి ఎలాంటి వెబ్‌సైట్ నప్పుతుంది? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వ్యాపారులకు ఒక పోలిక

మన ఒడిశా వైపు బరంపురంలో చీరల కొట్టు, పర్లాకిమిడిలో హార్డ్‌వేర్ షాపు, రాయగడలో లాడ్జి, గుణుపురంలో ట్యూషన్ సెంటర్. ఏది నడుపుతున్నా ఈమధ్య అందరినీ పట్టుకున్న ప్రశ్న ఒకటే: వెబ్‌సైట్ పెట్టాలా, పెడితే ఎలాంటిది? గూగుల్‌లో పేరు, చేతిలో వాట్సాప్ ఉంటే చాలని ఒకరంటారు. ఒకరు వర్డ్‌ప్రెస్ అంటారు, ఇంకొకరు షాపిఫై అంటారు, డిజైనర్‌ని అడిగితే తనకు వచ్చిందే మంచిదంటాడు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏది అందంగా ఉంది, ఏది చవగ్గా వస్తుంది అని చూసి ఎంచుకోవద్దు. మీ సైటుకి వచ్చే మనిషి ఏ పని మీద వస్తున్నాడు, ఆ పని ఫోన్‌లో ఒంటి చేత్తో ఎంత త్వరగా అయిపోతుంది, రేపు ధర మారితే ఆ మార్పు మీ కొట్లో ఎవరు చేస్తారు? ఈ మూడింటికీ జవాబు ఉంటే ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

## ముందు దేన్ని చూసి తేల్చుకోవాలి

వచ్చేవాడి పని. బరంపురం మెడికల్ కాలేజీ చుట్టుపక్కల ల్యాబ్‌కో క్లినిక్‌కో సోంపేట నుంచి బయలుదేరేవాళ్లకి కావాల్సింది డాక్టరు గారు ఈరోజు ఉన్నారా, ఎన్నింటికి వస్తారు, ఏమీ తినకుండా రావాలా అన్నది. మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం నుంచి కుటుంబంతో రాయగడ వచ్చేవాళ్లకి గది అద్దె, గుడికి ఎంత దూరం, కారు పెట్టుకోవడానికి చోటుందా అన్నది. ఈ సమాధానం తెర మీద మొదటి చూపులోనే కనబడాలి. ‘మా సంస్థకు స్వాగతం’ అనే పెద్ద బ్యానర్, దాని కింద వ్యవస్థాపకుడి ఫొటో, ఆ కింద మా ఆశయాలు, ఇవన్నీ దాటుకుని కిందికి వెళ్తేగానీ ఫోన్ నంబరు దొరకని సైట్లు మన దగ్గర బోలెడు ఉన్నాయి. అంత ఓపిక ఎవరికీ ఉండదు, వెనక్కి నొక్కి పక్క కొట్టుకి వెళ్లిపోతారు.

భాష. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో కూర్చుని సైట్లు చేసేవాళ్లకి మన సంగతి అర్థం కాదు. ఇచ్ఛాపురం, పాతపట్నం నుంచి వచ్చే కస్టమర్లు తెలుగు చదువుతారు, ఒడియా అక్షరం రాదు. అస్కా, భంజనగర్ వైపు వాళ్లకి ఒడియా కావాలి. ఇక బరంపురంలోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ, చదివింది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో కాబట్టి తెలుగు రాత చదవలేరు. అందుకని తెలుగు పేజీ ఒకటి పెట్టేస్తే తెలుగువాళ్లందరికీ సరిపోయిందనుకోవద్దు. ధరలు అంకెల్లో, వస్తువు ఫొటోలో, చిరునామా మ్యాపులో ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది. చెప్పి తీరాల్సిన విషయాలుంటే, అంటే చీర ఎలా ఉతకాలి, పరీక్షకి ఎలా తయారై రావాలి లాంటివి, ఒక నిమిషం వీడియోలో తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి చెప్పి పెట్టండి. చదవలేనివాళ్లు వింటారు.

భాష మార్చే బటన్ పైన కుడివైపు కనబడేలా ఉండాలి, ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే ఉండాలి. అనువాదం మెషీన్ మీద వదిలేస్తే తప్పులు దొర్లుతాయి కాబట్టి, ఒడియా పేజీని ఒడియా బాగా చదివేవాళ్లకి, తెలుగు పేజీని తెలుగు బాగా చదివేవాళ్లకి చూపించాకే పెట్టండి.

ఇంకో సంగతి. ఫ్లెక్సీలు, పాంప్లెట్లు చేసే డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైప్ చేసిన మేటర్ తెచ్చి సైట్లో అతికిస్తే అక్షరాలు కనిపించవు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు మరి. ఒడియాలో ఆకృతి ఫాంట్లతోనూ ఇదే గొడవ. దాంతో మేటరంతా బొమ్మగా చేసి పెట్టేస్తుంటారు. అలా చేస్తే కస్టమర్ నంబరు నొక్కి కాల్ చేయలేడు, చిన్న తెర మీద వేళ్లతో పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి, గూగుల్ వెతుకులాటలోనూ ఆ మాటలు సరిగా అందవు. నోటో శాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్లలో వరుసల మధ్య ఖాళీ తక్కువ ఉంటుంది, మన వత్తులు కింది వరుస గుడుల మీదికి వెళ్లి తగులుకుంటాయి. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లకి పైగా వరుస ఎత్తు పెట్టమని డిజైనర్‌కి చెప్పండి.

వేగం. మీ కొట్లో వైఫై మీద చూసి బాగుందనుకోకండి. గజపతి జిల్లాలో మోహన, ఆర్. ఉదయగిరి కొండల్లో సిగ్నల్ ఒక గీత ఉన్నచోట తెరిచి చూడండి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్ల లోపు కనబడాలని, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్ల లోపు స్పందన రావాలని గూగుల్ పెట్టుకున్న కొలత. దీన్ని ఎక్కువగా చెడగొట్టేది ఫొటోలు. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, దాన్ని అలాగే ఎక్కించేస్తారు. వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 150, 200 కేబీకి దించితే ఫోన్ తెర మీద తేడా పెద్దగా తెలియదు, పేజీ మాత్రం వెంటనే తెరుచుకుంటుంది.

వేలు, కన్ను. ఒక బట్టల కొట్టు సైటులో ‘కాల్ చేయండి’ అని నొక్కబోతుంటే, సరిగ్గా అప్పుడే పైన బ్యానర్ లోడ్ అయి పేజీ మొత్తం కిందికి జారింది. వేలు పోయి ఏదో ఆఫర్ మీద పడింది, ఇంకో పేజీ తెరుచుకుంది, వెనక్కి వస్తే మళ్లీ బ్యానర్ మొదటినుంచి లోడ్ అవుతోంది. ఫొటో ఎంత చోటు తీసుకుంటుందో ముందే కోడ్‌లో చెప్పి పెడితే ఈ జారుడు ఉండదు, చిన్న పనే. బటన్ల సైజు కూడా చూడండి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ 2023లో ఇచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (సైట్లు అందరూ వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) కనీసం 24 పిక్సెళ్లు అంటుంది, యాప్‌ల విషయంలో యాపిల్ 44 అంటుంది, గూగుల్ 48 అంటుంది. మీరు పెద్ద కొలతే పట్టుకోండి, పెద్దవాళ్ల బొటనవేలికి అదే సరిపోతుంది. రంగుల విషయానికొస్తే, మామూలు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. తెల్ల నేల మీద బంగారు రంగు అక్షరాలు చీరల కొట్లకి మహా ఇష్టం, ఎండలో ఫోన్ పట్టుకుంటే ఒక్క ముక్క కనబడదు.

## ఐదు దారులు

### గూగుల్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్ మాత్రమే

డబ్బు ఖర్చు లేదు, ఇవాళ సాయంత్రానికి పెట్టేయొచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో చిరునామా, వేళలు, ఫొటోలు, రివ్యూలు ఉంటాయి, మ్యాపు నేరుగా గుమ్మం దగ్గరికి తెస్తుంది. వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. కస్టమర్‌కి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు, వాట్సాప్ అందరికీ వచ్చిందే. మిగతా నాలుగింట్లో ఏది పెట్టుకున్నా ఇది మాత్రం ఉండాల్సిందే.

సెలవులు మాత్రం అందులో తప్పకుండా మార్చండి. రజో పండగకి, రథయాత్రకి, కుమార పున్నమికి మనం కొట్టు మూసేస్తాం. అవతల ఆంధ్రా వైపు వాళ్లకి ఆ రోజులు మామూలు రోజులే, బస్సు దిగి వచ్చి మూసిన షట్టర్ చూసి వెళ్లాల్సి వస్తుంది.

లోటు ఏమిటంటే, వాట్సాప్‌లో కస్టమర్ అడగాలి, మీరు జవాబివ్వాలి. రాత్రి పదకొండింటికి చూసేవాడికి తెల్లారేదాకా సమాధానం లేదు. పైగా ఆ చోటు మీది కాదు. గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ చేసుకునే సౌకర్యం ఉండేది, 2024 మార్చిలో గూగుల్ దాన్ని ఆపేసింది. విజిటింగ్ కార్డుల మీద, బోర్డు మీద ఆ అడ్రసు అచ్చు వేయించుకున్నవాళ్లు అన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

### సొంత పేరుతో ఒకే పేజీ

చిన్న వ్యాపారాల్లో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. సొంత డొమైన్ పేరు (సైటు అడ్రసు), ఒకే ఒక్క పేజీ. పైన కొట్టు పేరు, ఏం చేస్తారో ఒక్క వాక్యం, ఈరోజు తెరిచే వేళలు, కాల్ బటన్, వాట్సాప్ బటన్, మ్యాపు. కిందికి వెళ్తే ధరలు, ఫొటోలు, తరచూ అడిగే ప్రశ్నలు. మెనూ లేదు, వెతుక్కునే పని లేదు. వెనకాల డేటాబేస్ లేని స్టాటిక్ పేజీ అయితే సిగ్నల్ తక్కువున్నా చకచకా తెరుచుకుంటుంది, హ్యాక్ చేయడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు, నెలనెలా అప్‌డేట్ల టెన్షన్ లేదు.

దీని లోటు మార్పుల దగ్గర. పేజీ రాసినవాడే ధర మార్చాలంటే, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే పాత ధరే ఉండిపోతుంది. కొట్లో కుర్రాడొకడు నేర్చుకుంటే ఈ చిక్కు లేదు. లేదంటే ధరలు వారానికోసారి మారే వ్యాపారానికి ఇది వద్దు.

### బిల్డర్లు: విక్స్, జోహో సైట్స్, గూగుల్ సైట్స్

మౌస్‌తో లాగి వదిలి పేజీలు కట్టుకోవచ్చు, ధర మీరే మార్చుకోవచ్చు. గూగుల్ సైట్స్ ఉచితం, డిజైన్ సాదాసీదాగా ఉంటుంది, అది మంచికే. విక్స్ ఉచిత ప్లాన్‌లో వాళ్ల ప్రకటన కనిపిస్తుంది, సొంత డొమైన్ పెట్టుకోవాలంటే డబ్బు కట్టాలి. ఇక్కడ ప్రమాదం ఎక్కడుందంటే, అన్నీ చేతికి అందుబాటులో ఉండేసరికి స్లైడర్లు, పాపప్‌లు, ఎగిరే అక్షరాలు అన్నీ పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకండి. కంప్యూటర్ తెర మీద కట్టి మురిసిపోకుండా, ప్రతి మార్పు తర్వాత ఫోన్‌లో ఎలా ఉందో చూడండి. రేపు వేరేచోటికి మారాలనుకుంటే విక్స్ సైటుని మూటగట్టి పట్టుకెళ్లలేరు, మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. ఇది తెలిసి దిగండి.

### వర్డ్‌ప్రెస్

సైటు కట్టుకుని పేజీలు మీరే మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఇది. 2003 నుంచి ఉన్నది, ఉచితం, ఎవరి హోస్టింగ్‌లోనైనా (సైటుని ఉంచే అద్దె చోటు) పెట్టుకోవచ్చు, డిజైనర్ మారినా సైటు మీ దగ్గరే ఉంటుంది. రెండు మూడు భాషల్లో పేజీలు కావాలంటే పాలీలాంగ్ లాంటి ప్లగిన్లతో (అదనపు పనులకి తగిలించే చిన్న ప్రోగ్రాములు) పద్ధతిగా చేసుకోవచ్చు. కోచింగ్ సెంటర్, నర్సింగ్ హోమ్, కొరాపుట్ కాఫీ అమ్మే సంఘం, ఇలా పేజీలు ఎక్కువై తరచూ కొత్త విషయాలు రాసేవాళ్లకి బాగుంటుంది.

కానీ దీన్ని పెట్టి వదిలేయకూడదు. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు అన్నీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తుండాలి, బ్యాకప్ తీస్తుండాలి. వదిలేసిన సైట్లలోకి చొరబడి జూదం ప్రకటనలు పెట్టేస్తారు. ప్లగిన్లు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. ఏడాది నిర్వహణ ఎంత, ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద రాయించుకోకుండా ఒప్పుకోవద్దు.

### పూర్తి ఆన్‌లైన్ స్టోర్: షాపిఫై, వూకామర్స్

బుట్టలో వేసుకుని, యూపీఐతో డబ్బు కట్టి, ఇంటికి తెప్పించుకునే ఏర్పాటు. షాపిఫై అంటే రెడీమేడ్ స్టోర్ ఇచ్చే సంస్థ, దానికి నెలనెలా అద్దె. వూకామర్స్ అంటే వర్డ్‌ప్రెస్ మీద పెట్టే ఉచిత ప్లగిన్, కాబట్టి వర్డ్‌ప్రెస్ బరువంతా దీనికీ ఉంటుంది. కార్డులకు, మిగతా చెల్లింపులకు గేట్‌వే వాళ్లు (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థలు) సాధారణంగా 2 శాతం దాకా, దానిమీద జీఎస్టీ తీసుకుంటారు.

కస్టమర్ వైపునుంచి చూస్తే ఇక్కడ మూడే చోట్ల ఇబ్బంది పడతాడు. అకౌంటు తెరిస్తేగానీ కొననివ్వకపోవడం ఒకటి, పేరూ నంబరూ చిరునామా ఇస్తే చాలనండి. డెలివరీ ఖర్చు ఆఖర్న బయటపెట్టడం ఇంకొకటి, వస్తువు పక్కనే పిన్‌కోడ్ గడి పెట్టి, వస్తుందా రాదా, ఎంత అవుతుంది అన్నది అక్కడే చెప్పేయండి. మూడోది, డబ్బు కట్టాక ఆర్డరు ఏమైందో తెలియకపోవడం. వాట్సాప్‌లోనో ఎస్ఎంఎస్‌లోనో ఒక్క మెసేజ్ వెళ్తే ఆ కంగారు ఉండదు.

సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఒక మాట. పర్లాకిమిడి నుంచి పాతపట్నం నడిచి వెళ్లిపోయేంత దగ్గరే అయినా సరుకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. వస్తువులు అలా అమ్మాలంటే టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, హస్తకళా వస్తువులకు ఒక పరిమితి దాకా మినహాయింపు ఉంది. మీ సరుకు అందులోకి వస్తుందో రాదో ఆడిటర్‌ని అడిగాకే డెలివరీ జాబితాలో ఆంధ్రా పెట్టండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు, వాపసు షరతులు సైటులో చూపించాలి. నిబంధన అలా ఉంచండి, ఇవి కనబడితేనే కొత్తవాళ్లు ధైర్యంగా డబ్బు కడతారు.

| దారి | కస్టమర్‌కి సుఖం | మీకు భారం | పట్టు ఎవరి చేతిలో |
|---|---|---|---|
| గూగుల్, వాట్సాప్ | దారి, ఫోన్ వెంటనే దొరుకుతాయి. ధర అడగాలి | రోజూ జవాబులివ్వాలి | వాళ్ల చేతిలో |
| ఒకే పేజీ | అన్నిటికంటే వేగం, వెతుకులాట లేదు | మార్పులకి మనిషి కావాలి | మీదే |
| బిల్డర్ | పొందిగ్గా కడితే బాగుంటుంది | ఏటా ఫీజు, మీ సమయం | సగం సగం |
| వర్డ్‌ప్రెస్ | సమాచారం ఎక్కువ, భాషలు ఎక్కువ | అప్‌డేట్లు, బ్యాకప్‌లు | మీదే |
| ఆన్‌లైన్ స్టోర్ | ఇంట్లోంచే కొనొచ్చు | స్టాకు, డెలివరీ, వాపసు, పన్ను | షాపిఫై అయితే వాళ్లది, వూకామర్స్ అయితే మీది |

## ఎవరికి ఏది

బరంపురం పట్టు అమ్మేవాళ్లు అందరికంటే ముందు పెద్ద స్టోర్ కట్టించుకోవాలని చూస్తారు. జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే ప్రభుత్వ ముద్ర) ఉన్న సరుకు, ఊరి పేరే ఒక బ్రాండు, నిజమే. కానీ మగ్గం చీర ఒక్కోటి ఒక్కో ముక్క. కొట్లో ఉదయం అమ్ముడైపోయిన చీర సాయంత్రం దాకా సైటులో ఉంటే, ఎక్కడో విశాఖలో ఒకావిడ డబ్బు కట్టేస్తుంది, తర్వాత అది లేదని చెప్పాలి. ఆవిడ మళ్లీ రాదు. ఫొటోలో రంగుకీ చేతికొచ్చిన రంగుకీ తేడా వచ్చినా అంతే. అందుకని చీరలకి మంచి ఫొటోలు, ధరల శ్రేణి ఉన్న చిన్న సైటు పెట్టి, ప్రతి చీర కింద వాట్సాప్ బటన్ పెట్టడం మేలు. బటన్ నొక్కగానే ఆ చీర నంబరు మెసేజ్‌లో దానంతటదే వచ్చేలా చేయించండి. వీడియో కాల్‌లో అంచు, కొంగు తిప్పి చూపిస్తే కొనేవాళ్లకి నమ్మకం కుదురుతుంది.

అప్పడాలు, ఊరగాయలు, కాఫీ పొడి అలా కాదు. నిన్న కొన్న పాకెట్టే ఇవాళా ఉంటుంది, కొన్నవాళ్లే మళ్లీ మళ్లీ కొంటారు. వీళ్లకి ఆన్‌లైన్ స్టోర్ నిజంగా పనికొస్తుంది, ‘పోయినసారి ఆర్డరే మళ్లీ’ అనే బటన్ ఒక్కటి ఉంటే ఇంకా సుఖం. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు మధ్యలో వస్తాయి. ఒకే నమూనా మళ్లీ చేయగలిగినవి స్టోర్‌లో పెట్టండి, ఒక్కటే చేసినవి కేటలాగ్‌లో ఉంచండి.

క్లినిక్‌లు, ల్యాబ్‌లు ఒకే పేజీతో ఆగిపోవడం మంచిది. ఒంట్లో బాగోక వచ్చేవాళ్లని పేజీలన్నీ తిప్పకూడదు. డాక్టరు రాని రోజు పైన ఎర్రగా ఒక వరుస రాసే ఏర్పాటు ఉంటే అదే పెద్ద ఉపకారం. లాడ్జిలకీ ఒకే పేజీ చాలు, గది లోపలి ఫొటోలతో పాటు బాత్‌రూమ్ ఫొటో కూడా పెట్టండి, కుటుంబాలతో వచ్చేవాళ్లు చూసేది అదే. హార్డ్‌వేర్, సిమెంటు, ఇనుము వ్యాపారులకు ధర రోజూ మారుతుంది, వాళ్లకి వాట్సాప్, గూగుల్ ప్రొఫైల్ సరిపోతాయి. ట్యూషన్ సెంటర్లు ఫీజు, బ్యాచ్ వేళలు తామే మార్చుకోగలిగేలా గూగుల్ సైట్స్‌తో మొదలుపెట్టొచ్చు, పిల్లలూ పేజీలూ పెరిగితే అప్పుడు వర్డ్‌ప్రెస్ గురించి ఆలోచించొచ్చు.

## డబ్బు కట్టే ముందు

వెబ్ వాడకం మీద ఏళ్లతరబడి పని చేసిన జాకబ్ నీల్సన్ 2000లో ఒక మాట రాశారు: ఐదుగురి చేత వాడించి చూస్తే సైటులో ఉన్న ఇబ్బందుల్లో ఎక్కువభాగం బయటపడతాయి. మనకి ఐదుగురు దొరకడం కష్టమేం కాదు. డిజైనర్ నమూనా చూపించగానే తెలుగు చదివే పిన్నిగారికి, ఒడియా మాత్రమే చదివే పక్క కొట్టు భాయికి, కాలేజీ అమ్మాయికి, కళ్లజోడు పెట్టుకునే మావయ్యకి, ఎప్పుడూ మీ కొట్టుకి రాని ఒక మనిషికి, ఎవరి ఫోన్లో వాళ్లకి తెరిచి ఇవ్వండి. ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. ‘ఆదివారం కొట్టు తెరుస్తారో లేదో చెప్పండి’, ‘ఐదు వేల లోపు చీర ఒకటి వెతకండి’, ‘మాకు కాల్ చేయండి’ అని పని చెప్పి నోరు మూసుకుని చూడండి. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, ఎక్కడ ‘ఇదేటిది?’ అన్నారు, అవి రాసుకుని అవి మాత్రమే మార్పించండి.

డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ డబ్బుతోనే కొనండి. డిజైనర్ పేరు మీద ఉంటే అతను ఊరు మారిననాడు మీ కొట్టు పేరు అతనితోనే వెళ్లిపోతుంది. డాట్ ఇన్ పేరు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి కాకుండా రెండో ఏడాది ఎంతో అడిగి తీసుకోండి. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా దొరుకుతాయి, కావాలంటే అదనంగా తీసుకోండి, బోర్డు మీద మాత్రం డాట్ ఇన్ రాయించండి. అందరి ఫోన్లలోనూ అదే తేలిగ్గా టైప్ అవుతుంది. హోస్టింగ్ పాస్‌వర్డు, గూగుల్ ప్రొఫైల్ యజమాని హక్కు, వాట్సాప్ బిజినెస్ సిమ్ము, ఈ మూడూ ఎవరి దగ్గరున్నాయో ఇవాళే చూసుకుని, మీ దగ్గర లేనివి బిల్లు కట్టే ముందే అడిగి తీసుకోండి.